టేపు కొసన మడత

బ్రేకు సరిగ్గా పడకపోతే ఫ్లూయిడ్ చూసే మనిషిని నేను, బండికి నిమ్మకాయలు కట్టే మనిషిని కాదు. పంతొమ్మిదేళ్లుగా కంపెనీ బస్సులు నడుపుతున్నాను. ఏ రోడ్డు మీదా నాకు తెల్లచీర కనబడలేదు. కనబడిందన్న డ్రైవర్లందరూ ఆ రోజు నిద్ర చాలనివాళ్లేనని నా అభిప్రాయం. అందుకే ఇది చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది.

మేముండేది మేడ్చల్‌లో. పొద్దున గండిమైసమ్మ దగ్గర ఉద్యోగులను ఎక్కించుకుని శామీర్‌పేట వైపు ఒక మందుల కంపెనీలో దింపుతాను. సాయంత్రం మళ్లీ వెనక్కి. మధ్యలో ఇంటికొచ్చి పడుకుంటాను. నా గురక గల్లీ మొత్తానికి తెలుసు. నేను పడుకున్నాక మిక్సీ వేసినా తేడా తెలియదని మా ఆవిడ సుజాత అంటుంది. నేనూ నవ్వేవాణ్ణి.

ఒక సాయంత్రం లాల్‌గడి మలక్‌పేట్ దగ్గర బస్సు రోడ్డు దిగి మట్టిలోకి వెళ్లిపోయింది. కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు. వెనక నలభై మంది ఉన్నారు. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. గుంత తప్పించబోయానని అబద్ధం చెప్పాను. నిజం చెబితే బండి దింపేస్తారు. చెప్పకపోతే ఆ నలభై మంది సంగతేమిటి? ఇదే ఆలోచన.

డాక్టర్ పరీక్ష చేయించి, నిద్రలో మధ్యమధ్య ఊపిరి ఆగుతోందని, జబ్బు ఇంకా మొదట్లోనే ఉందని చెప్పాడు. బరువు తగ్గాలట, పడుకునేటప్పుడు ముక్కుకు గాలి పంపే మెషీన్ పెట్టుకోవాల్సి రావచ్చట. మెషీనంటే నాకు మనసొప్పలేదు. అప్పుడే తోటి డ్రైవర్ ఫోన్లో ఒక వీడియో చూపించాడు. పెదవులకు అడ్డంగా టేపు వేసుకుని పడుకుంటే ముక్కుతోనే గాలి పీలుస్తాం, గురక పోతుందని. డాక్టర్‌ని అడిగితే పెద్దగా నమ్మకం చూపించలేదు. ముక్కు దిబ్బడేసినప్పుడు మాత్రం అస్సలు వేసుకోవద్దని రెండుసార్లు చెప్పాడు.

మెడికల్ షాపులో కాగితం టేపు కొన్నాను. మూడు రోజులు పనిచేసినట్టే అనిపించింది.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. ఆమె పోయి రెండేళ్లయింది. మేం గాజులరామారంలో ఉన్నప్పుడు దగ్గర్లోని ఫ్యాక్టరీలో అట్టపెట్టెలకు టేపు వేసే పని చేసేది, ఇరవై ఏళ్లు. ఏ టేపు వాడినా కొసను చిన్న సమోసాలా మడిచి పెట్టేది, మళ్లీ గోరుతో వెతుక్కోకుండా. ఆమెది ఎడమచేతి వాటం. ఆ మడత మనకు తిరగేసినట్టు కనబడేది. నేను మడవకుండా పడేస్తే తిట్టేది. ఎంత తిట్టినా నాకా అలవాటు రాలేదు, సుజాతకూ లేదు.

నాలుగో రోజు జలుబు చేసింది. ముక్కు ఒక పక్క పూర్తిగా మూసుకుపోయింది. డాక్టర్ మాట గుర్తుంది. కానీ నిద్ర చాలకపోతే సాయంత్రం మళ్లీ కునుకు పడుతుందేమోనన్న భయమే గెలిచింది. సుజాత స్కూల్లో వంట పనికి వెళ్లింది. లోపల గడియ పెట్టి, టేపు వేసుకుని, రోల్ బీరువాలో పడేసి పడుకున్నాను.

మెలకువ వచ్చేసరికి రెండున్నర. నోరు తెరుచుకుని ఉంది, గొంతు ఎండిపోయింది. ముక్కు రెండు పక్కలా మూసుకుపోయింది. టేపు ముక్క దిండు పక్కన గోడకు అంటుకుని ఉంది. నిద్రలో నేనే పీక్కుని ఉంటాను, అందులో వింతేం లేదు. మిగతాది పారేద్దామని బీరువా తెరిచాను.

రోల్ కొస మడిచి ఉంది. చిన్న సమోసా, తిరగేసి.

గడియ వేసినట్టే ఉంది. మంచం మీద కూర్చుని పైకే "అమ్మా" అన్నాను. ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం బండి తీయలేదు. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి మట్టిలోకి ఎందుకు దిగిందో ఉన్నదున్నట్టు చెప్పాను. రెండు నెలలు నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టారు. మెషీన్‌తో పడుకుంటున్నాను. డాక్టర్ సరేనన్నాకే మళ్లీ స్టీరింగ్ ఇచ్చారు.

నిద్రలో లేచి నువ్వే మడిచి ఉంటావని డాక్టర్ అన్నాడు. కావచ్చు. అందుకే ఇంకో రోల్ కొని, కొస మడవకుండా అదే బీరువాలో పెట్టి వారం రోజులు చూశాను. ఏమీ జరగలేదు. ఇంకో వారం పెడదామని చూస్తుంటే సుజాత ఆ రోల్ నా చేతిలోంచి లాక్కుంది.

"అత్తమ్మకు ఇరవై ఏండ్లు గదే పని. ఇగనన్న ఆమెను కూసోనియ్యి."

అప్పటి నుంచి ఇంట్లో ఏ టేపు వాడినా కొస నేనే మడుస్తున్నాను. ఎడమచేత్తో కూడా ప్రయత్నించాను, వంకరగా వస్తోంది తప్ప అలా రావడం లేదు. ఆ మొదటి రోల్ మాత్రం బీరువాలో అలాగే ఉంది. దాన్ని ఎవరు మడిచారో నాకు ఇప్పటికీ తెలియదు. మడత విప్పడానికి చేయి రావడం లేదు.