పాపకు నీళ్ళు

జపాను వాళ్ళు రాసే మూడు పాదాల హైకూలో ఋతువును చెప్పే మాట ఒకటి ఉండి తీరాలట. హోసూరులో దుబాసీ పని కోసం నేర్చుకున్న జపాను భాషతో నేనిప్పుడు వాళ్ళకు గుళ్ళు చూపిస్తున్నాను. తమిళనాడులోని ధర్మపురిలో దిగగానే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఇది ఏ ఋతువని. మాకున్నవి ఎండ, కాస్త తక్కువ ఎండ అని చెబుతాను. నవ్వుతారు. పని కష్టం కాదు, తీర్థమలై ఒక్కటే నాకు గిట్టదు. పెళ్ళయిన కొత్తలో బిడ్డ కావాలని ఆ కొండమీదే మొక్కుకున్నాను.

బిడ్డ పుట్టింది, ఇండూరులో, మా పుట్టింట్లోనే. పేరు పెట్టకముందే, నాకు తెలివి రాకముందే పోయింది. చూస్తే తట్టుకోలేనని నాకు ముఖమైనా చూపించలేదు. మా నాయన ఒక్కడే గుడ్డలో చుట్టుకుని చేని గట్టుకు తీసుకుపోయాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఎత్తాలన్నా ఏ పేరుతో ఎత్తుతారు?

పోయిన ఎండాకాలం వచ్చిన గుంపులో ఒక ముసలామె ఉంది. కొండమీద రాతిలోంచి తీర్థం పడే చోట అందరూ కూర్చుని హైకూలు రాసుకుంటుంటే ఆమె నా దగ్గరకు వచ్చింది. వయసులో ఉన్నప్పుడు ఆమె బిడ్డ కడుపులోనే పోయిందట. అటువంటి బిడ్డల కోసం వాళ్ళ గుళ్ళలో చిన్న రాతి బొమ్మలుంటాయట, ఎర్రగుడ్డ కట్టి నీళ్ళు పోస్తారట. ఇక్కడ కూడా పోయవచ్చా అని అడిగింది.

నాకు తెలియలేదు. అక్కడ పూలమ్ముకునే అవ్వ మా తెలుగే మాట్లాడుతుంది. ఆమెను అడిగాను.

"పేరు లేని బిడ్డకు నీళ్ళెవురు ఇడుస్తారు మ్మా? నోట్లో పండ్లు రాకముందే పోతే కర్మా లేదు, తిథీ లేదు. మన్ను చేసేది, మరిచిపోయేది," అనింది.

మరిచిపోయేదట. నాకు ఒళ్ళు మండింది. అవ్వ చెంబే అడిగి తీసుకుని, "పోయవచ్చు" అని జపాను ఆమెకు చెప్పాను. ఆమె తీర్థం పట్టి రాతిమీద పోసి, దణ్ణం పెట్టుకుని, చెంబు నా చేతికిచ్చింది. నేనూ పట్టి పోశాను. నీళ్ళు సగం నా కాళ్ళ మీదే పడ్డాయి.

"ఎవరికి?" అని అడిగింది.

పసిబిడ్డకు జపాను మాట నాకు బాగా తెలుసు. ఆ పూట అది నోటికి రాలేదు. "పాప," అన్నాను.

ఆమె నా చేయి పట్టుకుంది. "నాన్నగారా? చాలాకాలం బతికారా?"

జపానులో పాప అంటే నాన్న. దిద్దాలంటే మొదటినుంచీ అంతా చెప్పాలి. తల ఊపాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె తన హైకూ చదివింది.

కొండమీద ఎండ
నాన్నకు నీళ్ళు పోస్తున్నది
దారి చూపే అమ్మాయి

అందరూ లేచి మా నాయన కోసం తల వంచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.

సాయంత్రం ఇండూరుకు పోతే మా నాయన అరుగుమీద శెనక్కాయలు వొలుస్తున్నాడు.

"నాయనా, ఈ పొద్దు నిన్ను చంపేసి వచ్చినాను," అని నవ్వుతూ మొదలుపెట్టాను. కొండ, చెంబు, ముసలామె, అన్నీ చెప్పాను. పాప అనే మాట దగ్గరకు వచ్చేసరికి నేనూ ఒక కాయ తీసుకుని వొలవడం మొదలుపెట్టాను. ఆయన చేతిలో కాయ అట్లే ఉండిపోయింది.

"నీళ్ళు పోస్తివా?"

"పోసినాను."

"మంచి పని చేసినావు. నేను ఆ పొద్దు వట్టి మన్నే వేసినా. చుక్క నీళ్ళు పోయాలని తోచలేదు." కాయను చాటలో పడేసి, నా ముఖంలోకి చూడకుండా అన్నాడు. "అంతా నీ మాదిరే ఉండె మ్మా. ముక్కు, నుదురు, అంతా."