ముందుగా ముగిసిన లెక్క

అంత వేగంగా తప్పు జవాబు కొని తెచ్చినవాడు ఉమ్మడి పాలమూరు మొత్తంలో నేనొక్కడినేనని ఇవాళ్టికీ ఛాతీ విరుచుకుని చెప్పుకుంటాను. అదీ అడిగిన ధరలో సగానికి బేరమాడి, పైన ఒక ఏడాది సర్వీసు ఊరికే రాబట్టి. మొన్న వనపర్తిలో మా చెల్లెలి మనవరాలు, కాలేజీ ప్రాజెక్టని రెండు ప్రోగ్రాములకు ఒకే లెక్క ఇచ్చి ఏది ముందు ముగిస్తుందో ల్యాప్‌టాప్‌లో పందెం పెడుతుంటే, పక్కన కూర్చున్న నాకు ఆ పాత ఘనకార్యం గుర్తొచ్చింది.

అప్పట్లో నేను నాగర్‌కర్నూలులో, బావుల నీటిమట్టాలు లెక్కగట్టే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఏ బావి మ్యాపు మూల నుంచి ఎన్ని మీటర్ల దూరంలో ఉందో, అందులో ఎంత లోతున నీళ్లున్నాయో కొలిచిన అంకెలన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయే ఒకే వంపును కనుక్కోవడం మా పని. పుస్తకాల్లో దాన్ని కనిష్ఠ వర్గాల పద్ధతి అంటారు. ఆ వేసవిలో గద్వాల అవతల గట్టు అనే ఊరి దగ్గర ఒక గూడెం ఆడవాళ్లు తాగునీటికి మైలు దూరం నడుస్తున్నారు. బోరు బండి అక్కడికి ఒక్కసారే వస్తుంది, ఎక్కడ దించాలో మా లెక్కే చెప్పాలి.

ఆఫీసులోని పాత సాఫ్ట్‌వేరు ఒక్కో లెక్కకు మూడు నిమిషాలు తీసుకునేది. కొత్తది అమ్మవచ్చినాయన రెండింటినీ పక్కపక్కన పెట్టి పరుగెత్తిస్తే ఆయనది నిమిషంలో ముగిసింది. గద్వాలలో మాది కిరాణా దుకాణం. అమ్మేవాడి తూకంరాళ్లతో సరుకు కొనకూడదని నాకు ఊహ తెలిసినప్పుడే నేర్పారు. అయినా ఆ పందేనికి వాడిన లెక్క ఆయన సంచిలోంచే వచ్చిందన్న సంగతి, ధర తెగ్గొట్టే సంబరంలో నాకు తట్టలేదు.

కొత్తదానితో తొమ్మిదిసార్లు లెక్కగట్టి, బోరు వేయాల్సిన చోటు రాసి పంపేశాను. ఆఫీసులో నాకంటే సీనియర్ ఒకామె, గద్వాల నేతగాళ్లింటి ఆడపడుచు, నేను అక్కా అని పిలిచేవాణ్ణి, ఆ కాగితాలు తిరగేసి అడిగింది.

"గింత జల్ది ఎట్ల ముగిసిందో అడిగినవా తమ్మీ?"

జల్ది అయితే మంచిదే కదా అన్నాను.

"మగ్గం మీద గూడ జల్ది నేసెటోళ్లుంటరు. పట్టు అంచును నూలుకు పోగు పోగు కలపకుంటే జల్దే అయితది. అంచు ఊడినంక గద తెలిసేది."

జవాబు ముందే తెలిసిన లెక్కొకటి మా బావుల దూరాలతోనే తయారుచేసి, రెండింటికీ ఇచ్చి చూద్దామంది. పాతది మూడు నిమిషాలు నిదానంగా నడిచి సరైన జవాబు తెచ్చింది, కొత్తది నిమిషంలో తప్పు జవాబు తెచ్చింది. అది అంకెలను వాటితోనే హెచ్చవేసి పని తగ్గించుకుంటోంది. లక్షల్లో ఉండే మా దూరాలను అలా హెచ్చవేస్తే, చిన్న తేడాలన్నీ ఆ పెద్ద అంకెల్లో మునిగిపోతున్నాయి. పాతది అలా హెచ్చవేయకుండా చుట్టుదారిన వస్తుంది, అందుకే ఆలస్యం.

బోరు బండి అప్పటికే దారిలో ఉంది. నేను మా ఆఫీసరు ముందు నిలబడి తప్పు ఒప్పుకుని, ఆయన పని ఆపమని కబురు పంపాక, మర్నాడు బస్సులు మారి గట్టు చేరాను. పాతదానితో మళ్లీ కట్టిన లెక్క ప్రకారం చోటు రెండు పొలాల అవతలికి జరిగింది. గూడెంలో ఒక అవ్వ, బిందె కిందికి దించకుండానే, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నిన్న ఆడ అంటివి, ఇయ్యాల ఈడ అంటివి. రేపు ఏడ అంటవు బిడ్డా?"

ఇక రేపు లేదవ్వా అన్నాను గానీ, ఆ మరుసటి రోజు నీళ్లు పడేదాకా నా నోట్లో తడి లేదు.

ఇప్పుడు నిదానపు పద్ధతి కూడా రెప్పపాటులో ముగుస్తోంది, నమ్మలేని లెక్కైతే చాలా ప్రోగ్రాములు తామే హెచ్చరిస్తున్నాయి, మంచిదే. నాలాంటి తెలివిగలవాళ్ల నుంచి ఊళ్లకు కాస్త రక్షణ దొరికింది. ఎటొచ్చీ, మూడు నిమిషాలు ఆగే ఆ వేళలో ఎవరో ఒకరు పక్కకొచ్చి ఒక మాట అడిగే తీరిక మాత్రం పోయింది.

పద్దు ఉన్నదున్నట్టు చెప్పాలంటే, తొమ్మిది లెక్కల మీద నేను మిగిల్చింది పద్దెనిమిది నిమిషాలు. మొదటి చోట బోరు వేయలేదు గనక అక్కడా నీళ్లుండేవేమో నాకు తెలియదు, దాన్ని ఏ వైపూ రాసుకోను. ఖర్చు కింద బోరు బండి ఒక పగలు ఊరికే నిలిచింది, ఆ పగలు గూడెం ఆడవాళ్లందరూ పోను మైలు, రాను మైలు, మరొక్కసారి నడిచారు.