ఎనిమిది కాళ్ల చిప్పులు, నా చెయ్యి

నా చెయ్యి కచ్చా, పని రాని చెయ్యి అని ఒకే వారంలో ముగ్గురన్నారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, సంతోష్‌నగర్‌లో టీవీలు, గేమ్ మెషిన్లు బాగుచేసే షాపులో చేరాను. యజమానిని బస్తీ అంతా ఉస్తాద్ అని పిలిచేది. పని నేర్పడంలో ఆయన ఏదీ దాచుకోలేదు. షరతు మాత్రం ఒకటి పెట్టాడు: నేను పరదా వెనక కూర్చోవాలి. ఆడపిల్ల చేతికి మెషిన్ ఇస్తున్నామని తెలిస్తే గిరాకీ రాదట! పని కావాలి కాబట్టి ఊఁ అన్నాను. ఏడాదిపాటు నేను బాగుచేసినవన్నీ ఉస్తాద్ చేసినవిగానే బయటికి వెళ్లాయి.

పాత గేమ్ మెషిన్లలో చార్మినార్ బండ్ల మీద చవగ్గా దొరికే నకిలీ డిస్కులు ఆడాలంటే లోపల ఎనిమిది కాళ్ల చిప్పు ఒకటి అతికించాలి. వేలిగోరంత ఉంటుంది. దాని కాళ్లకు సన్నని తీగలను సీసం కరిగించి సోల్డర్ చేసేది నేనే. రంజాన్ ముందు ఒక గేమ్ పార్లర్ ఆయన మూడు మెషిన్లు తెచ్చిచ్చాడు. మూడింటికీ కొత్త చిప్పులు వేశాను. మూడూ మొరాయించాయి. డిస్కు తిరుగుతుంది, టీవీలో మాత్రం నలుపు.

"గిదేంది ఉస్తాద్, పండుగ మీదికొచ్చె, ఒక్కటి ఆడకపాయె! ఎవరిదో కచ్చా చెయ్యి పడ్డది" అని పార్లర్ ఆయన లొల్లి పెట్టాడు.

ఉస్తాద్ ఏం చేశాడో తెలుసా? పరదా పక్కకు లాగి నన్ను చూపించాడు. "నేను చెయ్యలే భాయ్. గీ పిల్ల చేసింది. హాత్ కచ్చా హై."

ఏడాదిలో మొదటిసారి గిరాకీకి నా ముఖం కనపడింది అప్పుడే. పార్లర్ ఆయన వెళ్లాక ఉస్తాద్ నాతో, "జుమ్మా దాకా చూస్త. గప్పటికి ఆడకపోతే ఇంట్ల కూసో" అన్నాడు.

చిప్పులు ఊడదీసి, వాటిని అమ్మిన చార్మినార్ గల్లీ దుకాణానికి పోయాను. దుకాణదారు వాటి కాళ్లు చూసి వెనక్కి తోశాడు. "సోల్డర్ తగిలిన మాల్ వాపస్ లేదమ్మా. చిప్పు మంచిదే, నీ చెయ్యే కచ్చా." ఆ బజారులో అందరిదీ అదే కట్టుబాటు. అతికించనిదే చిప్పు చెడ్డదని తెలియదు, అతికిస్తే వాపసు లేదు. ఇదెక్కడి న్యాయం? బస్సులో నిలబడి వస్తున్నంతసేపూ తిట్టుకుంటూనే ఉన్నాను.

షాపుకొచ్చి ఐసీ బేస్ ఒకటి వెతికాను. ఎనిమిది రంధ్రాల చిన్న ప్లాస్టిక్ గూడు అది. తీగలన్నీ ఒక మెషిన్‌లో ఆ బేసుకే సోల్డర్ చేశాను. ఇక చిప్పును గుచ్చితే చాలు, సోల్డర్ అంటదు. షాపులో ఏడాదిగా ఆడుతున్న పాత మెషిన్ చిప్పు ఊడదీసి గుచ్చాను. ఆట వచ్చింది! అంటే నా తీగలు సరిగ్గానే ఉన్నాయి. ఆ దుకాణం నుంచే తెచ్చిన డబ్బాలో మిగిలిన కొత్త చిప్పులు ఏడూ ఒక్కొక్కటే గుచ్చాను. ఐదు చచ్చినవే.

జుమ్మాకు ముందురోజు, గురువారం, మెషిన్‌ను, ఆ చిప్పులను సంచిలో పెట్టుకుని మళ్లీ ఆ దుకాణానికి పోయాను. టీవీలో క్రికెట్ వస్తోంది, జనం మూగి ఉన్నారు.

"మ్యాచ్ నడుస్తుందమ్మా, జర ఆగు" అన్నాడు దుకాణదారు.

"మ్యాచ్ మళ్లొస్తది భాయ్, ముందు నీ మాల్ సంగతి చూడు" అంటూ టీవీకి నా మెషిన్ తగిలించాను. జనం గోల చేశారు. చెయ్యనీ! పాత చిప్పు గుచ్చితే ఆట మొదలైంది. తీసి ఆయన అమ్మిన కొత్త చిప్పు గుచ్చితే నలుపు. ఇంకొకటి, మళ్లీ నలుపు. మూడోదానికి వెనక నుంచి ఎవరో "అరే, మాలే ఖరాబున్నది" అన్నారు.

"కాళ్లు చూడు. సోల్డర్ తగిలిందా?" అన్నాను.

"లొల్లి చెయ్యకమ్మా. బదల్ చేసిస్త."

"ఊకె తీస్కపోను. డబ్బా తియ్యి. గీ టీవీల ఆడినయే తీస్కపోత. మరి నా చెయ్యి కచ్చానా?"

"లేదమ్మా, లేదు" అన్నాడు నేలచూపులు చూస్తూ. నాకు చాల్లేదు. జనానికి వినపడేట్టు మళ్లీ అనిపించాను.

ఆడిన చిప్పులు తెచ్చి ఆ సాయంత్రమే మూడు మెషిన్లకూ వేశాను. మూడూ ఆడాయి. తర్వాత స్టూలెక్కి పరదా ఊడదీసి మడతపెట్టాను. నా బల్లను షట్టర్ దగ్గరికి ఈడ్చుకొచ్చాను.

"ఏంది గిది?" అన్నాడు ఉస్తాద్.

"ఆడనప్పుడు నన్ను చూపెట్టినవ్ గదా ఉస్తాద్. ఆడినప్పుడు గూడ నన్నే చూడనియ్యి."

ఆయన స్క్రూడ్రైవర్ అందుకుని లోపల తన బల్ల దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి పార్లర్ ఆయన వచ్చి, నన్ను దాటుకుని లోపలికి పోయి, "ఏమైంది ఉస్తాద్, చేసినవా?" అని అడిగాడు.

ఉస్తాద్ తలెత్తలేదు. చేతిలోని స్క్రూడ్రైవర్‌ను నా వైపు చూపించాడు.

"చేసింది ఆమె. ఆమెనడుగు."