బెల్లం బీరు

ఇంట్లో బీరు కాచేవాళ్ళు ఎవరూ పైకి చెప్పని సంగతి ఒకటుంది. కంపు. మొలకెత్తిన బార్లీని ఉడకబెడితే ఇల్లంతా కుడితి వాసన. పులిసేటప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన. మేముండే ఎడారి ఊరు చాండ్లర్ ఎండకి గరాజ్‌లో పెడితే ఈస్ట్ చచ్చి ఊరుకుంటుంది కాబట్టి, మా జాడీలు గెస్ట్ బాత్రూమ్ టబ్‌లో ఉండేవి. తలుపు తీస్తే నాకే వాంతి వచ్చేది. అయినా మానలేదు. రోజంతా ఎవరో రాసిన కోడ్‌లో తప్పులు వెతికే నాకు, చేత్తో ఏదో ఒకటి తయారుచేస్తే గాని మనసు కుదుటపడేది కాదు.

మా ఇంట్లో వంట మా ఆయనది. నాకు రాదని కాదు, ఆయన పులుసు తిన్నాక నా పులుసు నాకే సయించదు. రెండేళ్ళ కిందట ఆయనకి జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గాని, దాంతో పోయిన వాసన తిరిగి రాలేదు. మల్లెపూలూ మాడిన పోపూ ఆయనకి ఒకటే. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు, తెలియకూడదని ఆయన పట్టుదల. పోపు రంగు చూసి, ఆవాల చిటపట విని, పాత కొలతలు గుర్తుపెట్టుకుని వండేవాడు. తిన్నవాళ్ళు ఎప్పటిలాగే లొట్టలేసేవాళ్ళు. ఆ మెప్పు ఒక్కటీ ఆయనకి ఎంత అవసరమో నేను చూస్తూనే ఉన్నాను.

ఆ ఎండాకాలం నాకు తీపి పిచ్చి పట్టింది. ఒకే బీరుని నాలుగు జాడీల్లో పోసి ఒక దాంట్లో పంచదార, ఒక దాంట్లో తేనె, మూడో దాంట్లో బ్రౌన్ షుగర్, ఆఖరి దాంట్లో బెల్లం. తీపి వేస్తే బీరు తియ్యగా వస్తుందనుకుంటారు. రాదు. ఈస్ట్ ఆ తీపంతా తినేస్తుంది, మనకి మిగిల్చేది వాసన మాత్రమే. బెల్లంలో ఇసుకా గడ్డీ ఉంటాయి కదా, పాకం కాచి వడకట్టి పెట్టమని మా ఆయన్ని అడిగాను. పెట్టాడు. పోశాను. ఆ జాడీ మిగతా మూడింటికంటే ఘోరంగా కంపు కొట్టింది. పులిసే కంపేలే అనుకున్నాను.

నెల దాటాక, పక్క వీధిలో ఉండే నా స్నేహితురాలినీ వాళ్ళాయన్నీ భోజనానికి పిలిచాం. మా ఆయన గుత్తివంకాయ, సాంబారు చేశాడు. నేను బీర్లు పోశాను. పంచదారది పాడైన ఆపిల్ రసంలా ఉంది. తేనె బీరులో తేనె జాడే లేదు. బ్రౌన్ షుగర్‌ది నాలుక మీద ఇనుప రుచి వదిలింది. మూడింటికీ నేనే ముఖం చిట్లించాను. ఇంక నా ఆశంతా బెల్లం మీదే.

గ్లాసుల్లో పోస్తుంటేనే అదే కంపు గుప్పుమంది. నేను ఆపేలోపే నా స్నేహితురాలు గుక్క తాగేసింది. సింక్ దగ్గరికి వెళ్ళి ఊసి వచ్చింది.

"సారీనే, నా వల్ల కాదు" అంది.

వాళ్ళాయన గ్లాసు వాసన చూశాడు. "వదినా, ఇండ్ల ఇంగువ ఏసిండ్రా?"

లేచి వెళ్ళి అలమర తీశాను. మిగిలిన బెల్లం, మేము ఇంగువ పొట్లాలు దాచే పాత ప్లాస్టిక్ డబ్బాలో ఉంది.

"దీంట్లో ఎందుకు పెట్టావ్?"

"ప్యాకెట్‌కి చీమలు పట్టాయి. డబ్బా మూడుసార్లు సోప్‌తో కడిగాను" అన్నాడు మా ఆయన.

ఇంగువ కట్టిన గుడ్డని ఎన్నిసార్లు ఉతికితే ఏం లాభం. నాకు ఒళ్ళు మండింది. "ముక్కు పనిచెయ్యని మనిషిని వంటింట్లో పెడితే ఇంతే" అన్నాను. వాళ్ళిద్దరి ముందే.

వాళ్ళిద్దరూ ఆయన వంక తిరిగారు. ఆయనే చెప్పాడు. "టూ ఇయర్స్ అయింది. నాకు స్మెల్ రాదు."

నా స్నేహితురాలు చాలా మంచిది, ఒక్క మాట అనలేదు. కానీ తన పళ్ళెంలో సాంబారు వంక ఒకసారి చూసి, దాన్ని కలుపుతున్న చెయ్యి ఆపింది. నేను చూశాను. మా ఆయనా చూశాడు.

ఆయన ఆ బెల్లం బీరు గ్లాసు తీసుకుని మొత్తం తాగాడు. "చల్లగా ఉంది, చేదుగా ఉంది. బానే ఉంది" అన్నాడు.

మర్నాడు సీసాలన్నీ సింక్‌లో పారబోశాను. ఆ కంపు కంటే నా నోరే నాకు ఎక్కువ రోత పుట్టించింది. క్షమించమని అడిగాను. "నిజమే కదా, దాందేముంది" అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారం పొద్దున నేను పేపర్ టవల్‌తో టేబుల్ తుడుస్తుంటే, పాల క్యాన్ మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. ముందురోజు సాయంత్రం కొన్న పాలు.

"ఒకసారి చూసి చెప్పు. బాగున్నాయా?"

రెండేళ్ళలో ఆయన నన్ను ఇలా ఒక్కసారీ అడగలేదు. బాగున్నాయన్నాను. లోపలికి వెళ్ళి పెరుగు గిన్నె తెచ్చాడు. అదీ చూశాను. తర్వాత నెయ్యి పట్టుకొచ్చాడు.