పాప ఆడుకున్న గంజి సంచి

మా ముత్తాత ఆదోనిలో పత్తి జిన్నింగు ఫ్యాక్టరీ పెట్టిన మొదటివాళ్లలో ఒకడు. ఆదోని ఇంకా బళ్లారి జిల్లాలో ఉన్న రోజుల్లో మా తాత జిల్లా బోర్డు సభ్యుడు. ఆయన వచ్చి కూర్చునేదాకా పత్తి మండీలో వేలం మొదలయ్యేది కాదని ఊళ్లో పెద్దవాళ్లు చెప్పేవారు. మా నాయనమ్మ బయటికి వెళ్తే బండికి తెర కట్టేవారు. మా నాన్న కాలం వచ్చేసరికి ఫ్యాక్టరీ ఆగిపోయింది, పంపకాలు జరిగాయి, ఇల్లు మూడు ముక్కలైంది. నేను ఎమ్మిగనూరు హైస్కూల్లో లెక్కల అయ్యవారిగా చేరాను. ఈ సంగతులు గొప్పకు చెప్పడం లేదు. మా పాపకు జరిగింది అర్థం కావాలంటే మా ఇంట్లో పసిపిల్లలను ఎలా పెంచేవారో ముందు తెలియాలి.

మా ఇంట్లో ఏడాది నిండేదాకా బిడ్డను నేల మీద దించేవారు కాదు. చేతులకు మల్లుగుడ్డతో కుట్టిన చిన్న సంచులు తొడిగి, మణికట్టు దగ్గర నాడా కట్టేవారు. గోళ్లతో ముఖం గీరుకోకూడదు, కనపడిందల్లా నోట్లో పెట్టుకోకూడదు. నన్నూ అలాగే పెంచారని మా అమ్మ చెప్పేది. మురికి లేని చేతులు, మరక లేని పక్క, అదీ మా ఇంటి బిడ్డ అంటే.

ఎనభైల మొదట్లో మాకు పాప పుట్టింది. అప్పటికి మేము ఎమ్మిగనూరులో ఒక మగ్గాలవాళ్ల ఇంట్లో ముందరి రెండు గదుల్లో అద్దెకు ఉన్నాము. గదులు చిన్నవైనా మర్యాద చిన్నది కానవసరం లేదని నా అభిప్రాయం. పరుపు మీద రోజూ ఉతికిన తెల్ల దుప్పటి పరిచేవాళ్లం. పాప దాని మీదే ఉండేది. నా భార్యకు వంట, నీళ్లు, బట్టలు, అన్నీ ఒక్కచేతి మీద పని. నేను బడికి పోతే పాప ఆ పరుపు మీద, చేతులకు సంచులతో, పైకప్పు దూలాలు చూస్తూ పడుకునేది. గొడవ చేసే పిల్ల కాదు. అది మా పెంపకం గొప్ప అనుకున్నాను.

పదో నెలలో ఒకరోజు స్నానం చేయించి, సంచులు తొడగకముందు, నా భార్య గిలక్కాయను పాప అరచేతికి తగిలించింది. పాప నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుని ఏడ్చింది. చెంచా ఇచ్చినా అంతే, తడిగుడ్డ ఇచ్చినా అంతే. పిడికిళ్లు బిగించి గుండెకు అదుముకునేది. తన ఈడు పిల్లలు మరమరాలు ఒక్కొక్కటి ఏరుకుని తింటుంటే ఈమె దేన్నీ పట్టుకోదు. మా వీధిలోనే పోలియో వచ్చిన బిడ్డలు ఇద్దరు ఉండేవారు. ఆ మాట మేమిద్దరం ఒకరితో ఒకరం అనుకోలేదు కానీ, ఇద్దరి మనసులోనూ అదే ఉంది.

ఆదోనికి తీసుకుపోయి డాక్టరుకు చూపించాము. ఆయన చేతులు వంచి, చాచి, చిన్న సుత్తితో కొట్టి చూశాడు.

"నరాల్లో లోపం ఏమీ కనపడటం లేదు. రెండు నెలలు చూడండి. అప్పటికీ చెయ్యి విప్పకపోతే బళ్లారిలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల్సి ఉంటుంది" అన్నాడు.

తిరుగు బస్సులో నా భార్య పాప పిడికిలిలో తన వేలు పెట్టడానికి ఎమ్మిగనూరు వచ్చేదాకా ప్రయత్నిస్తూనే ఉంది.

మాకు గదులు అద్దెకిచ్చిన ఇంటామె యాభై దాటిన మనిషి. ఆమె భర్త మగ్గం నేసేవాడు, ఆమె పడుగుకు, అంటే మగ్గం మీదికి ఎక్కే నిలువు నూలుకు, గంజి పెట్టేది. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు చాచి, కుంచెతో గంజి రాస్తూ, ఆ వీధిలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అంతా వినేది. డాక్టరు మాటలు ఆమెకు నా భార్య చెప్పినట్టుంది. మర్నాడు నేను బడికి బయల్దేరుతుంటే కుంచె ఆపింది.

"సారూ, ఆ బిడ్డ సేతులకు ఇంగా గుడ్డలు కట్టిండారే, యాడన్నా దొంగతనం సేసినాదా ఏంది?"

"అది మా ఇంటి పద్ధతి పెద్దమ్మా."

"పద్ధతి మంచిదేలేప్పా. సేతులుండేది ముట్టుకునేదానికి కదా? నా గంజి కుండలో ఒక గడియ పెట్టియ్యి. నా బిడ్డలు నలుగురూ అందులోనే ఈదులాడినారు."

"గంజి కుండలోనా? దుప్పట్లు, గోడలు ఏం కావాలి?"

ఆమె వంచిన నడుము ఎత్తి నన్ను పైనుంచి కిందికి చూసింది. "గోడలా! గోడలు నావి. ఆ మాట నేననాల, నువ్వంటాండావు."

బడికి ఆలస్యమవుతోందని వెళ్లిపోయాను. అయితే సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె మా గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో నూలు కట్టలు వచ్చే మందపాటి ప్లాస్టిక్ సంచి ఒకటి. అందులో సగందాకా గంజి పోసి, బట్టలకు పెట్టే నీలిమందు కొంచెం కలిపి, రంగురంగుల నూలు ముక్కలు, నాలుగు చింతగింజలు వేసి, మూతిని దారంతో బిగించి కట్టింది.

"ఇదో. గంజి లోపల, బిడ్డ బయట. నీ దుప్పటికి ఏమీ కాదు. సంతోషమేనా?"

సంచిని వేలితో నొక్కితే నీలం పక్కకు జరిగి, నొక్కిన చోట వెలుతురు కనపడింది. లోపల గింజ వేలికింద నుంచి చేపపిల్లలా జారిపోయింది. నిజం చెప్పాలంటే నేనే రెండుమూడుసార్లు నొక్కాను. కానీ దారం కట్టిన చోట గంజి చెమ్మగా ఊరుతోంది. లెక్కల అయ్యవారిని, అలాంటి పని నాకు నచ్చదు. చేస్తే కారకుండా చెయ్యాలి.

బజారు మూలలో ఒక సాయిబు చిల్లర అంగడి ఉండేది. ఆయన ఊరగాయ, టీపొడి చిన్న ప్లాస్టిక్ కవర్లలో నింపి, మూతి కొవ్వొత్తి మంట మీద అంటించేవాడు. గిరాకీ లేని వేళ చూసి పోయాను. పొట్లాలు అంటించడం నేర్చుకోవడానికి వచ్చానని నలుగురిలో చెప్పడం నాకు ఇష్టం లేదు.

"ఏం అయ్యవారూ, ఆదోని పెద్దింటోళ్లు గదా మీరు. ఊరగాయ అంగడి పెడ్తాండారా? నా నోట్లో మట్టి కొట్టొద్దు సామీ."

పాప సంగతి చెప్పాను. ఆయన నవ్వు మానేశాడు. ఇనుము కోసే రంపపు బ్లేడు ఒకటి తీసి పద్ధతి చూపించాడు. సంచి మూతిని బ్లేడు మీద సమంగా మడవాలి. అంచు వెంట్రుక వాసి మాత్రం బయటికి రావాలి. ఆ అంచును మంట పక్కగా, ఆగకుండా, ఒకే వేగంతో నడపాలి. ఆగితే బొక్క పడుతుంది, తొందరపడితే అతకదు. అంటించే ముందు సంచిని బల్ల అంచున వేలాడదీసి లోపలి గాలి అంతా పిండెయ్యాలి. మూడు కవర్లు కాల్చాను. నాలుగోది అతికింది.

"ఇంగో సంచిలో ఇది పెట్టి మళ్లా అంటియ్యండి" అన్నాడాయన. "బిడ్డకు పండ్లు వచ్చింటాయి గదా. కొరికితే ఒకటి పోయినా ఒకటి ఉంటాది."

ఇంటామె దగ్గర తాజాగా గంజి పోయించుకుని, అలాగే నీలిమందు, గింజలు కలిపి, రెండు సంచుల్లో, నాలుగు అంచులూ నొక్కి చూసి, చదరంగా ఒక గంజి సంచి చేశాను. తలకింద పెట్టుకునే చిన్న దిండంత. దాన్ని తెల్ల దుప్పటి మీద పెట్టి, పాపను పక్కన బోర్లా పడుకోబెట్టి, చేతిసంచులు విప్పాము.

మొదటి రోజు చూసింది, అంతే. రెండోరోజు కాలిమడమతో తన్నింది. గంజి అల కదిలితే తన్నడం ఆపి, మళ్లీ తన్నింది. మూడోరోజు బిగించిన పిడికిలితోనే ఒక పోటు పొడిచి వెంటనే లాక్కుంది. పిడికిలి విప్పలేదు. కానీ ఏడవలేదు.

నాలుగోరోజు ఆదివారం. మా మేనత్త ఆదోని నుంచి పాపను చూడటానికి వచ్చింది. మా నాన్నకు అక్క. మా నాన్న తరంలో ఇంటి పరువు ఎలా ఉండేదో చూసిన చివరి మనిషి. ఆమె ముందు గదిలో గంజి సంచి పెట్టడం నాకు ఇష్టం లేక దాన్ని దుప్పటి కింద, గోడవారకు తోశాను. తోసేటప్పుడు అది పూరీలా పొంగి ఉండటం గమనించాను. ఎండ వేడికి అనుకున్నాను.

అత్త ధర్మవరం పట్టుచీర కట్టుకుని వచ్చింది. కుర్చీ ఇచ్చినా వద్దంది, పాప పక్కన కూర్చుంటానని పరుపు మీద, సరిగ్గా గోడవారగా కూర్చుంది.

టపాకాయ పేలినట్టు శబ్దం. వెంటనే పుల్లటి వాసన. నీలం గంజి అత్త చీర మీద, నా చొక్కా మీద, గోడ మీద, దుప్పటి మీద జానెడు జానెడు మచ్చలుగా పడింది.

నేను తల ఎత్తలేకపోయాను. అప్పుడు నా భార్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

పాప దుప్పటి మీద పడిన గంజిలో పిడికిలి పెట్టింది. పిడికిలి జారింది. జారి విచ్చుకుంది. అయిదు వేళ్లూ చాచి ఆ నీలాన్ని అటూ ఇటూ రుద్దింది. తర్వాత రెండో చెయ్యి. తర్వాత చింతగింజ ఒకటి కనపడితే, బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకుని ఎత్తింది. నోటిదాకా పోకముందే నా భార్య అందుకుంది. పాప ఏడ్చింది. చింతగింజ లాక్కున్నందుకు! ఆ ఏడుపు మాకు ఎంత హాయిగా వినపడిందో చెప్పలేను.

"ఏందిరా ఇది, బిడ్డకు ఇన్నాళ్లూ సేతులకు గుడ్డలు కట్టిండారా?" అంది అత్త, చీర సంగతి మరిచిపోయి. గోడమేకుకు వేలాడుతున్న చేతిసంచులు ఆమె కంట పడ్డాయి.

"మన ఇంటి పద్ధతే కదా అత్తా. నాకు కట్టలేదా?"

అత్త నవ్వింది. పమిటతో కళ్లు ఒత్తుకుని మళ్లీ నవ్వింది. "నీకా! నిన్ను ఎత్తుకునే ఆయమ్మ వీధి మలుపు తిరిగిందో లేదో వాటిని ఊడబెరికి రొండిన దోపుకునేది కదరా. ఫ్యాక్టరీ దొడ్లో దూది కుప్పల మింద దొర్లినావు, బండెద్దుల తోకలు పట్టినావు, మట్టి తిన్నావు. ఇంటికొచ్చే ముందర మూతి కడిగి మళ్లా కట్టేది. మీ అమ్మకు తెలీదు. మాకందరికీ తెలుసు."

చాటుగా వాటిని విప్పే ఆయమ్మ లేని ఇంట్లో ఆ పద్ధతిని నేను ఒక్కణ్నీ పూర్తిగా, పొల్లుపోకుండా పాటించానన్న మాట. ఆ సాయంత్రమే నా భార్య ఆ చేతిసంచులను పొయ్యి దగ్గర మసిగుడ్డలుగా వాడేసింది.

సంచి ఎందుకు పొంగిందో ఇంటామెనే అడిగాను.

"పులిసిన గంజి కదా సారూ. పడుగుకు పులిసిందే పోస్తాము, నూలు బాగా పట్టుకుంటాది. దాన్ని నువ్వు గాలి పోకుండా మూసిపెట్టినావు. పొంగక ఏం సేస్తాది?"

"తాజా గంజి అడిగాను కదా?"

"తాజాదే ఇచ్చినా. రెండు దినాలదే!"

నిలవ ఉండటానికి మైలుతుత్తం వేస్తామని కూడా చెప్పి, వెంటనే తనే నాలుక కరుచుకుంది. అది విషం. గంజి మానేశాము. వేరుశనగ నూనె సగం, నీలిమందు నీళ్లు సగం పోసి అంటిస్తే రెండూ కలవవని, నొక్కినకొద్దీ నీలం గోళీలుగా విడిపోయి మళ్లీ ఒకటవుతుందని తేలింది. అది నెలరోజులు ఉన్నా పులియలేదు. లోపల చమ్కీలు వేశాను. చింతగింజలు వెయ్యలేదు. అంచులకు బట్ట పెట్టి కుట్టించాను. పాప దాని మీద పడి, రెండు అరచేతులతో గంటలకొద్దీ తట్టేది. సంచి పక్కకు జారితే దాని వెనకాల పాకింది. అలా మొదటిసారి పరుపు దిగింది.

మగ్గాల ఇళ్లలో తల్లులు అడిగితే వాళ్ల పిల్లలకూ చేసిచ్చాను. బిడ్డ పక్కనే ఉండాలి, నూలుకు చెయ్యి తగలకూడదు, అది వాళ్ల అవసరం. మా ఇంటామె మాత్రం "నూనె సంచి నా పడుగు దగ్గరికొస్తే నీ అద్దెగది ఖాళీ సెయ్యాల" అని నవ్వుతూనే గట్టిగా చెప్పింది. అందుకని ఆ వీధికి మూడు పొరల సంచులు చేశాను. ఒక్కటీ కారలేదు. ఈ మాట మాత్రం గొప్పకే చెబుతున్నాను.

రెండు నెలల గడువు తీరాక ఆదోని డాక్టరు దగ్గరికి పోయాము. ఆయన చేతులు వంచి చూడబోతే పాప ఆయన మెడలో గొట్టం పట్టుకుని లాగింది. ఆయన దాన్ని విడిపించుకోవడానికి నా భార్య సాయం అడగవలసి వచ్చింది. బళ్లారి పోవలసిన పని లేదన్నాడు. అంగడివీధిలో నిలబడి చెరుకురసం తాగాము. వీధిలో నిలబడి ఏదైనా తాగడం నాకు అదే మొదటిసారి.

బళ్లారి వైద్యానికి డబ్బు ఉంటుందని, డాక్టరు మొదటిసారి ఆ మాట అన్నప్పుడే చిప్పగిరి దగ్గర మా వాటాకు మిగిలిన మూడెకరాల నల్లరేగడి అమ్మేశాను.