చిట్టి పెట్టిన మొదటి ముద్ద

2022 వానాకాలం. ఏలూరు శివార్లలో, బుద్ధి ఎదుగుదలలో వెనకబడిన ఆడవాళ్ల కోసం నడిచే ఒక రెసిడెన్షియల్ హోమ్‌లో నేను అడ్మిషన్ల గుమాస్తాని. భీమడోలు నుంచి రోజూ పాసింజర్‌లో వచ్చి పోయేవాణ్ణి. వెయిటింగ్ లిస్టు నా చేతిలో ఉంది కాబట్టి సగం జిల్లా నాకు దణ్ణం పెడుతుందని మా వీధిలో చెప్పుకునేవాణ్ణి. నిజానికి ఆ లిస్టు నేను కదిపితే కదిలేది కాదు. లోపల మంచం ఖాళీ అయితేనే బయట ఒక పేరు పైకి జరిగేది. మా దగ్గర మంచం ఎలా ఖాళీ అవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కొల్లేటి లంకల్లోంచి నాగరత్నమ్మ ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది. కూతురు చిట్టికి నలభై దాటాయి, మాటలు రావు. తల్లికి గుండె ఆపరేషన్ చెయ్యాలని విజయవాడ డాక్టరు చెప్పి నెలలవుతోంది. చిట్టిని ఎవరికి అప్పజెప్పాలో తెలియక ఆవిడ వాయిదా వేస్తోంది.

"ఏవండీ, మా ముందున్నవాళ్లకి వచ్చిందాండీ?"

"ఇంకా లేదమ్మా. ముందు మీరు ఆపరేషన్ చేయించుకోండి."

"నేను లేవకపోతే, ఆ సంగతి దానికెవరు చెబుతారండీ?"

శుక్రవారం ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం.

దసరా ముందు చిట్టి వంతు వచ్చింది. మా దగ్గర ట్రయల్ స్టే అని ఒక పద్ధతి ఉంది. తల్లి లేకుండా కొన్నాళ్లు ఉంచి చూస్తాం, ఇమడకపోతే ఇంటికి పంపి తర్వాతి పేరు పిలుస్తాం. చిట్టిని దింపి నాగరత్నమ్మ ఆస్పత్రిలో చేరింది.

చిట్టి అన్నం ముట్టలేదు. కంచం ముందు కూర్చుని, వడ్డించే ఆయా మొహంలోకి చూసి, లేచిపోయేది. కొల్లేటి మనిషి, చేపలైతే తింటుందేమోనని బొమ్మిడాయిల పులుసు వండించాం. మర్నాడూ అంతే. వార్డెన్ గారు నన్ను పక్కకి పిలిచారు.

"రేపు కూడా తినకపోతే వాళ్లమ్మని పిలిపించాలండీ. మనిషి నీరసించిపోతోంది."

"ఎల్లుండే ఆవిడ ఆపరేషనండీ."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

ముప్పయ్యేళ్ల అనుభవంతో చిట్టి చేత తినిపించే కిటుకు కనిపెట్టానని తర్వాత తాడేపల్లిగూడెంలో మాలాంటి హోమ్‌ల మీటింగులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. అబద్ధం. ఆ ముప్పయ్యేళ్లలో పాతికేళ్లు రైస్ మిల్లులో చేసిన గుమాస్తాగిరీ. మర్నాడు మధ్యాహ్నం నాకు ఆకలేసింది, అంతే. ఖాళీ ఉందని చిట్టి పక్కన చతికిలబడి క్యారేజీ విప్పబోయాను. చిట్టి తన కంచంలో ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది. మొహమాటానికి తిన్నాను. నేను మింగేదాకా చూసి, అప్పుడు తను మొదలుపెట్టింది.

ఫోన్ చేస్తే నాగరత్నమ్మ ఆశ్చర్యపోయింది. "చిన్నప్పట్నుంచీ మొదటి ముద్ద నాకు పెట్టాకే తింటుందండీ. అదీ చెప్పాలా?"

మేమెప్పుడు అడిగాం గనక? మా ఆయాలు నిలబడి వడ్డిస్తారు, అందరిదీ అయ్యాక వెళ్లి తింటారు. పాపం, చిట్టికి పెట్టుకోవడానికి నోరే దొరకలేదు.

నాగరత్నమ్మ కోలుకుని చూడ్డానికి వచ్చింది. చిట్టి మొదటి ముద్ద నాకు పెట్టి, రెండోది వాళ్లమ్మకి పెట్టింది. ఆవిడ నా పొట్ట కేసి చూసి, "మా పిల్ల అన్నం మీకు బాగానే ఒంటబట్టిందండీ" అంది.

శుక్రవారాలు ఇప్పుడు ఇంకో తల్లి ఫోన్ చేస్తోంది. వాళ్లమ్మాయి ఏం తింటుంది, ఎవరు తినిపించాలి అని అడిగాక, ఎవరికి పెడుతుందని కూడా అడిగాను. "అదేం పెడుతుందండీ" అంది. ఫోన్ పెట్టెయ్యబోయి, "ఉండండి, ఈ పూట చూసి చెబుతాను" అంది.