టీ బాగా పెట్టే పిల్ల

డెర్వలా కాటర్ కార్క్‌లో ఆహార శాస్త్రం చదివి పట్టా పుచ్చుకునే నాటికి ఆమెకున్న పని అనుభవం మొత్తం ఆరు నెలలు. అదీ బాండన్‌కి నాలుగు మైళ్ల దూరంలో, ఫిన్‌బార్ హోలహన్ చీజ్ కేంద్రంలో.

ఆమె చేరిన వసంతంలో అక్కడి చీజ్‌కి చేదు పట్టుకుంది. దుకాణాలవాళ్లు దిమ్మలకు దిమ్మలే తిప్పి పంపేస్తున్నారు. హోలహన్ రైతుల్ని తిట్టాడు, ఆవులు మేసిన గడ్డిని తిట్టాడు, వానని కూడా తిట్టాడు. డెర్వలా మూడో వారంలో పాలను గడ్డకట్టించే మందు డబ్బా మీద చీటీ చదివింది. కొత్త మందు పాతదానికి రెట్టింపు ఘాటుది. తొట్లో మాత్రం పాత కొలతే పోస్తున్నారు. పంతొమ్మిది తొట్ల పాలకు వేరువేరు పాళ్లు వేసి చూసి, అన్నీ ఒక పుస్తకంలో రాసి, ఏది సరైనదో తేల్చి హోలహన్ చేతికిచ్చింది. ఎండాకాలం వెళ్లేసరికి చీజ్‌లో చేదు పోయింది. ఆ ఏటి చీజ్ ప్రదర్శనలో దానికి వెండి పతకం వచ్చింది. “ముప్పై ఏళ్ల అనుభవం. లోపమెక్కడుందో నాలుకకే తెలిసిపోతుంది,” అని హోలహన్ పేపరువాళ్లతో చెప్పుకున్నాడు. డెర్వలా పేరు ఎక్కడా లేదు. పోన్లే, ఉద్యోగం వస్తే చాలనుకుంది.

ఉద్యోగమే రాలేదు. నాలుగు చోట్ల ఇంటర్వ్యూలకు పిలిచారు. నాలుగు చోట్లా నవ్వుతూ మాట్లాడారు, హోలహన్‌కి ఫోన్ చేసి కనుక్కుంటామన్నారు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చేది: ఇంకాస్త అనుభవం ఉన్నవాళ్లు కావాలి. నాలుగోసారి ఫెర్మోయ్ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, గొంతు తగ్గించి, “నీ గురించి చెప్పడానికి ఇంకెవరూ లేరా అమ్మాయ్? ఆయన పేరు ఇవ్వకు,” అని ఫోన్ పెట్టేసింది.

డెర్వలా తిన్నగా వాళ్ల ఫిల్ పిన్ని దగ్గరికెళ్లింది. బాండన్ పెద్దవీధిలో ఆడవాళ్ల జుట్టు కత్తిరించే దుకాణం పిన్నిది. ఆ మంగళవారం పొద్దున్న ముగ్గురు ముసలమ్మలు కుర్చీల్లో ఉన్నారు. సంగతంతా విని పిన్ని దువ్వెన పక్కన పెట్టి, హోలహన్‌కి ఫోన్ కలిపి, స్పీకర్ నొక్కింది.

“లిమరిక్‌లో చీజ్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నానండీ,” అంది, ఎన్నడూ లేని మర్యాదతో. “డెర్వలా కాటర్ అనే అమ్మాయిని తీసుకుందామనుకుంటున్నాం. పనెలా చేసేదో చెబుతారా?”

“ఆ పిల్లా? మంచి పిల్లేనండీ. టీ బాగా పెట్టేది.”

“పని సంగతో?”

“అదొక్కటీ అడక్కండి. చదువుకున్నవాళ్లు కదా, చెయ్యి తడవనివ్వరు.”

“చేదు ఎందుకొస్తోందో తనే కనిపెట్టానని రాసుకుందే!”

హోలహన్ పకపకా నవ్వాడు. “నేను కనిపెడుతుంటే పక్కన నిలబడి చూసింది లెండి.”

పిన్ని ఫోన్ పెట్టేసింది. జుట్టారబెట్టే యంత్రం కింద కూర్చున్న టూమీ ముసలమ్మ, “ఏమన్నాడు? ఏమన్నాడే?” అని అరిచింది. చెప్పారు. “వాడి నెత్తిన ఆ చీజు దిమ్మే వేసి కొట్టాలి!” అంది.

“పతకం పోతుందని భయం వెధవకి,” అంది పిన్ని. “నువ్వు చేశావని తెలిస్తే వాడి నాలుక గొప్ప ఏమైపోవాలి? పద, వాడింటికెళ్లి నాలుగు దులిపేద్దాం.”

డెర్వలా పిన్ని చెయ్యి పట్టుకుని ఆపింది. “తిడితే నాకేమొస్తుంది పిన్నీ? నాకు ఉద్యోగం కావాలి. అది వాడి నోటితోనే ఇప్పించుకుంటాను. చూస్తూ ఉండు.”

ఐదో ఇంటర్వ్యూ మాలో అనే ఊళ్లో. ఆ కేంద్రం నడిపే రోచ్‌గారు నలభై ఏళ్లుగా చీజ్ చేస్తున్న మనిషి. కాగితం ఇటూ అటూ తిప్పి, “ఆరు నెలలేనా?” అంది.

“ఆరు నెలలేనండీ. హోలహన్‌గారికి ఇప్పుడే, నా ముందే ఫోన్ చెయ్యండి. టీ బాగా పెట్టేదంటారు. అప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. చేదు పోవడానికి నూరు లీటర్ల పాలకు మందు ఎంత వేశారని.”

రోచ్‌గారు ఆమెను ఎగాదిగా చూసి ఫోన్ అందుకుని, స్పీకర్ నొక్కింది. హోలహన్ టీ మాట అన్నాడు. చెయ్యి తడవనివ్వరన్న మాటా అన్నాడు. అప్పుడు రోచ్‌గారు ఆ ప్రశ్న వేసింది.

“అదా… మామూలుగా వేసేదేనండీ,” అన్నాడు హోలహన్. కాసేపు గొణిగి, తొట్ల దగ్గరి పనివాణ్ణి కేకేశాడు. “ఒక్క నిమిషం. ఒరేయ్ కాన్! ఆ పిల్ల పుస్తకం ఎక్కడ పెట్టావురా? … ఆ పాళ్లన్నీ ఆ పిల్లే రాసిపెట్టిందండీ, నాకు నోటికి రావు.”

డెర్వలా వేళ్లు కుర్చీ చేతిని పట్టుకుని ఉన్నాయి. ఆ మాట మళ్లీ మళ్లీ వినాలనిపించింది ఆమెకు.

“అంటే మీకు పతకం తెచ్చిన పాళ్లు టీ పెట్టే పిల్ల రాసిందన్నమాట,” అంది రోచ్‌గారు.

“అబ్బే, అది కాదండీ…”

“ఉంటానండీ.” ఫోన్ పెట్టేసి, “సోమవారం రాగలవా?” అంది.

రోచ్‌గారు ఈ సంగతి సాటి చీజువాళ్లకు చెప్పింది. పిన్ని దుకాణం మిగతా ఊరికి చెప్పింది. క్రిస్మస్ నాటికి హోలహన్ బారులో అడుగుపెడితే చాలు, “ఫిన్‌బార్, నూరు లీటర్లకెంతోయ్?” అని ఎవరో ఒకరు కేకేసేవాళ్లు. విన్నప్పుడల్లా డెర్వలాకి ఆ పూట అన్నం రుచిగా ఉండేది.

ఫిబ్రవరిలో మందు అమ్మేవాళ్లు ఘాటు మళ్లీ మార్చారు. హోలహన్‌కి మళ్లీ చేదు మొదలైంది. అతను రెండుసార్లు ఫోన్ చేశాడు, డెర్వలా ఎత్తలేదు. మూడోసారి కాన్ డీసీ చేశాడు. తొట్ల దగ్గర పనిచేసే ఆ పెద్దాయన, ఆమె అక్కడున్న రోజుల్లో తన రొట్టెలో సగం పెట్టేవాడు.

“అమ్మాయ్, ఆ పాళ్లు కాస్త చెప్పమ్మా. పాలు పారబోస్తున్నాం. నా చేతుల్తోనే పారబోస్తున్నాను.”

డబ్బా మీద చీటీ చదివి భాగిస్తే రెండు నిమిషాల పని. డెర్వలాకి అది తెలుసు.

“చెబుతాను మామా. చేదెందుకొచ్చిందో నిజంగా ఎవరు కనిపెట్టారో, హోలహన్‌ని పేపర్లో రాయించమను. ఆ రోజే చెబుతాను.”

“ఆయన రాయించడమ్మా. నీకూ తెలుసు కదా.”

“తెలుసు.”

“మీ మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయి మామా?” అని ఆమె అడిగేలోగా కాన్ ఫోన్ పెట్టేశాడు.

చేదు పోక, మే నెలలో హోలహన్ చీజ్ చెయ్యడం మానేసి, పాలు వేరేవాళ్లకు పొయ్యడం మొదలుపెట్టాడు. కాన్‌ని రిటైర్ కావడానికి రెండేళ్ల ముందే ఇంటికి పంపేశారు. ఈ కబురు చెప్పి పిన్ని, “ఇప్పటికైనా కడుపు చల్లబడిందా?” అని అడిగింది.

“హోలహన్ విషయంలో మటుకు చల్లబడింది,” అంది డెర్వలా.

ఆ క్రిస్మస్‌కి ఆమె కాన్‌కి గ్రీటింగ్ కార్డు పంపింది. జవాబు రాలేదు. మరుసటి ఏడూ పంపింది.